తంగేడు చెక్క

ప్రకృతికి కులం లేదంటారు. చెట్టుకు లేకపోవచ్చు. చెట్టును చూసే కన్నుకు ఉంది.

నేను ఫొటోలు తీస్తాను. 'నీకు స్ఫూర్తి ఎక్కడ్నించి వస్తది?' అని అడుగుతుంటారు. ప్రకృతి నుంచి అంటే సంతోషిస్తారు. కానీ ఏ ప్రకృతి? తంగేడునే తీసుకోండి. బతుకమ్మలో పేర్చే పువ్వు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. కెమెరా ఉన్న ప్రతివాడూ ఆ పసుపుకు ముచ్చటపడతాడు. మా నాయినకు మాత్రం తంగేడంటే చెక్క. తోలును సున్నంలో నానేసి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క దంచి కలిపిన లందలో ఊరబెడితేనే అది చెప్పయ్యేది, మోట బొక్కెనయ్యేది. ఊరి పొలాలకు నీళ్లు తోడింది ఆ తోలే. ఊరు ముక్కు మూసుకున్నదీ ఆ లంద పక్కనే.

తంగేడు పొద ముందు నిలబడితే నాకు పసుపు కంటే ముందు లంద వాసనొస్తది. వాసనను ఫొటో తియ్యలేం. కానీ ఆ వాసన తెలిసినోడికి ఎక్కడ నిలబడి తియ్యాల్నో తెలుస్తది. పువ్వుతోపాటు చెక్క ఒలిచిన కొమ్మ కూడా బొమ్మలోకి వస్తది. జ్ఞాపకం చేసే పని అదే.

ఉద్యమ మిత్రులు ఇంకో ప్రశ్న వేస్తారు: 'దెబ్బలు తియ్యక పూలు తీస్తవేందిరా?' న్యాయమైన ప్రశ్నే. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. సాక్ష్యం కావాలి. గాయాన్ని తీసే కెమెరా ఉండాల్సిందే. అయితే గాయమొక్కటే మన బొమ్మయితే, మనల్ని కొట్టినోడే మన బొమ్మ గీసినట్టు. శవం లేస్తే తప్ప వాడలోకి రాని కెమెరా బతికున్న మనల్ని ఎప్పుడు చూస్తది?

1942లో గోర్డన్ పార్క్స్ అనే నల్ల ఫొటోగ్రాఫర్, వాషింగ్టన్‌లో ప్రభుత్వ ఆఫీసు ఊడ్చే ఎల్లా వాట్సన్‌ను అమెరికా జెండా ముందు చీపురుతో నిలబెట్టి తీశాడు. అందులో నెత్తురు లేదు. అయినా అది దేశాన్ని నిలదీసింది. ఆయన అక్కడితో ఆగలేదు. ఆమె ఇంటికి పోయాడు, పిల్లల మధ్య తీశాడు, చర్చిలో తీశాడు.

కెమెరాలోని మీటరు ముందున్నదంతా నడిమి బూడిద రంగనుకొని వెలుగు లెక్క కడుతది. సున్నం గోడ ముందు మా అవ్వను కూసోబెడితే అది గోడను చూసి వెలుగు తగ్గిస్తది. అవ్వ ముఖం చీకటైపోతది. ముఖం కనబడాలంటే మీటరు మాట వినకుండా లెన్సు ఇంకా తెరవాలె. గోడ తెల్లగా కాలితే కాలనీ. ఎవరి ముఖాన్ని చూసి వెలుగు లెక్క కట్టాలె అన్నది నా దృష్టిలో నీతి ప్రశ్న.

అవ్వ ఒకటే అన్నది: 'మంచిగ తియ్యి బిడ్డా, గోడకు పెట్టుకునేటట్టు.' మన గోడల మీది అంబేద్కర్ కోటు వేసుకుని పుస్తకం పట్టుకుని ఉంటాడు. ఆయన పడ్డ అవమానాలు ఆ బొమ్మలో లేవు. వాటిని ఎదిరించిన మనిషి ఉన్నాడు.

కెమెరా పట్టే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సాక్ష్యం కోసం తీసినవి కోర్టుకు పోనీయండి. మిగిలినవి వాడకు తిరిగి రావాలె. ఫొటోలో ఉన్న మనిషి దాన్ని తన గోడకు పెట్టుకుంటడా? ప్రతి ఫొటోకూ ముందు ఆ ప్రశ్న వేసుకోండి.