గైడు చేయవలసింది ఎంత?



మన విచారణల్లోని కుటుంబాల నుండి పి.హెచ్.డి. చేస్తున్న బిడ్డలున్నారు. చదువు ముగించి, విశ్వవిద్యాలయంలో అధ్యాపకులై, తామే మరొకరికి గైడుగా నిలిచినవారూ ఉన్నారు. ఈ వారం ఈ రెండవవారిని గురించి ఆలోచిద్దాం.

నిన్నటిదాకా విద్యార్థిగా ఉన్న వ్యక్తి నేడు ఇంకొకరి భవిష్యత్తుకు బాధ్యత వహించాలి. ఆ పని ఎవరు నేర్పారు? 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకేసారి నలుగురికి గైడుగా ఉండవచ్చు. అందుకు పి.హెచ్.డి.తోపాటు కనీసం 3 పరిశోధనా వ్యాసాలు ప్రచురించి ఉండాలి. ఇవి పరిశోధన తెలుసుననడానికి గుర్తులు. కాని పరిశోధించడం వేరు, పరిశోధకుణ్ణి తయారుచేయడం వేరు.

నైతిక ప్రశ్న ఇక్కడే పుడుతుంది. కొత్త అధ్యాపకునికి పదోన్నతి కావాలి. అందుకు వ్యాసాలు కావాలి. విద్యార్థి తడబడుతుంటే ఆ పని తానే చేసేయాలనిపిస్తుంది. లేదా తన పనినే విద్యార్థి చేత చేయించుకోవాలనిపిస్తుంది. ఎలాగైనా వ్యాసం బయటకు వస్తుంది. విద్యార్థి మాత్రం ఉన్నచోటనే ఉంటాడు.

పునీత తోమా అక్వినాసు 1256లో పారిస్‌లో ఆచార్యులయ్యారు. అప్పటికి వారికి సుమారు ముప్పై ఏళ్లు. ఆ తొలి సంవత్సరాల్లోనే, ఒక మనిషి మరొకరికి బోధించగలడా అన్న ప్రశ్నను చర్చకు తీసుకున్నారు. అందులో వైద్యుని పోలిక ఉంది. రోగిని బాగుచేసేది ముఖ్యంగా అతని శరీరంలోని శక్తే. వైద్యుడు దానికి తోడ్పడతాడు. అలాగే నేర్చుకునేది విద్యార్థి బుద్ధి, గురువు తోడ్పడతాడు. మందివ్వనివాడు వైద్యుడు కాడు. రోగికి బదులు తానే మందు మింగేవాడూ వైద్యుడు కాడు.

అందుచేత వారానికొక గంట విద్యార్థికని కేటాయించి, దాన్ని తప్పక నిలుపుకోవాలి. జవాబు చెప్పే ముందు "నువ్వేమనుకుంటున్నావు?" అని అడగాలి. అధ్యాయం బాగాలేకపోతే వాదన ఎక్కడ తెగిందో చూపాలి గాని, తానే తిరగరాయకూడదు. తనకు తోచనప్పుడు అనుభవజ్ఞులను సంప్రదించాలి. వ్యాసంలో ఎవరి పేరు ఎక్కడ ఉండాలో పని మొదట్లోనే మాట్లాడుకోవాలి.

ఈ పేరు సంగతి చిన్నది కాదు. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని, రేడియో టెలిస్కోపు గీసిన కాగితాలపై ఒక వింత గుర్తును గమనించారు. అది మనుషుల వల్ల కలిగిన రేడియో అలజడి కావచ్చునని గైడు ఆంటొనీ హ్యూయిష్ మొదట అనుకున్నారు. ఆమె పట్టు విడవలేదు. అదే పల్సార్లనే నక్షత్రాల తొలి జాడ. 1974లో నోబెల్ బహుమానం హ్యూయిష్‌కు, మార్టిన్ రైల్‌కు దక్కింది, ఆమెకు దక్కలేదు. అయినా, పరిశోధన ఫలించినా విఫలమైనా చివరి బాధ్యత గైడుదేనని ఆమే వాదించారు. ఆ మాటలో న్యాయం ఉంది. కాని బాధ్యత వేరు, గుర్తింపు వేరు. చూసిన కన్ను ఎవరిదో ఉన్నదున్నట్టు చెప్పడం దయ కాదు, సత్యానికి మనం చెల్లించవలసిన బాకీ. 2018లో తనకు వచ్చిన 30 లక్షల డాలర్ల బహుమతిని ఆమె, భౌతికశాస్త్ర పరిశోధనలో అంతగా కనిపించని వర్గాల విద్యార్థుల చదువుకే ఇచ్చివేశారు.

కొత్తగా గైడులైన బిడ్డలారా, మీ విద్యార్థి ఒకరోజు మీ మాట కాదంటే, కోపగించుకునే ముందు అతని లెక్కలు ఒకసారి చూడండి. తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ఎన్ని వ్యాసాలు వచ్చాయని ఒక్కటే అడగకండి. "నీ దగ్గర చదివే పిల్లలు ఎలా ఉన్నారు?" అని కూడా అడగండి.