వారంటీ కాగితములో పేరు లేనివాడు



క్రొత్త లారీ కొనినవానికి షోరూమువారు తాళపుచెవులతోపాటు ఒక చిన్న పుస్తకము ఇచ్చుదురు. నిర్ణయించిన కాలములోగా, లేక నిర్ణయించిన కిలోమీటర్లలోగా, తయారీ లోపము వలన ఏ భాగమైనను చెడిన యెడల డబ్బు తీసికొనక బాగుచేసి యిచ్చెదమని అందులో వ్రాసియుండును. దీనినే వారంటీ అందురు. ఆ పుస్తకములో కొనినవాడును, మాట యిచ్చిన కంపెనీయు మాత్రమే కనబడుదురు. రేపు ఆ లారీకి ఎదురుగా సైకిలు మీద రాబోవువాని పేరు అందులో ఎక్కడను లేదు.

ఆ లారీకి స్టీరింగు వదులైనదనుకొందము. ఓనరు సర్వీసు సెంటరుకు తీసికొనిపోయెను. వారు చూచి, ఇది మామూలే అనిరి. లేక, భాగము రావలెను, పది దినములు ఆగుమనిరి. ఆ పది దినములు లారీ నడువవచ్చునా? నడిచిన యెడల జరుగబోవుదానికి ఎవరు ఉత్తరవాదులు? ఈ నెల మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఇదియే. ఇది లారీలు గలవారి ప్రశ్న మాత్రమే కాదు. ఇతరులకు హాని చేయగల వస్తువును చేతబట్టుకొని, దానిని బాగుచేయు భారము మరియొకరిదని చెప్పుకొను ప్రతివాని ప్రశ్నయును ఇదే.

స్టీరింగు వదులగుట యనగా నేమో మొదట తెలిసికొందము. డ్రైవరు చక్రము త్రిప్పగా ఆ కదలిక స్టీరింగు బాక్సులోనికి పోయి, అక్కడనుండి డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింక్, టై రాడ్ అను భాగముల ద్వారా ముందు చక్రములకు చేరును. ఇవి కలియుచోట్ల బాల్ జాయింటులుండును. ఆ జాయింటులు అరిగినను, స్టీరింగు బాక్సును బిగించిన బోల్టులు సడలినను, డ్రైవరు త్రిప్పినదానిలో కొంత దారిలోనే పోవును. చేతిలోని చక్రము తిరుగును గాని నేలమీది చక్రము తిరుగదు. దీనిని మెకానిక్కులు ప్లే అందురు. కొంచెము ప్లే ప్రతి బండికిని ఉండును, మితిమీరినప్పుడే అపాయము. మన దేశపు 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 98వది, ఇది స్టీరింగు చక్రము మీద 30 డిగ్రీలు మించరాదని చెప్పుచున్నది. గడియారములో పండ్రెండునుండి ఒంటిగంట వరకు ఎంత దూరమో, అంత యన్నమాట. అయితే ఇది పాత బండికిని చెల్లు చివరి హద్దు. క్రొత్త లారీ ఆ హద్దు దాటలేదు గనుక దానిలో లోపమే లేదనుట న్యాయము కాదు.

ఈ లోపములో ఒక మోసము కలదు. అది సాధారణముగా ఒక్క దినమున రాదు. నెమ్మదిగా వచ్చును, డ్రైవరు చేయియును నెమ్మదిగా దానికి అలవాటుపడును. తిన్నని రోడ్డు మీద సైతము కుడికి కొంత, ఎడమకు కొంత సరిచేయుచు అతడు పోవుచుండును. కొన్నాళ్లకు తాను సరిచేయుచున్నానను సంగతియే మరచును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు లారీ ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోవును. హఠాత్తుగా ఒక గేదె అడ్డువచ్చినప్పుడు, ఆ వదులు మ్రింగివేయు క్షణార్ధములోనే లారీ ఒక ఇంటి పొడవంత ముందుకు పోయియుండును. అంతవరకు అలవాటు కప్పియుంచిన లోపము అప్పుడు బయటపడును.

ఇప్పుడు సర్వీసు సెంటరులో జరుగు వాదము చూతము. వారి పక్షమునను న్యాయము కొంత కలదు. వారు చేసిన ప్రతి వారంటీ పనికిని కంపెనీకి లెక్క చెప్పవలెను. కారణము చూపలేని యెడల కంపెనీ డబ్బు ఇయ్యకపోవచ్చును. ఓనర్లందరును నిజము చెప్పువారు కారు. అనుమతించిన బరువుకంటె ఎక్కువ లోడు వేసి, గుంతల రోడ్ల మీద త్రిప్పి, జాయింటు అరిగిన తరువాత తయారీ లోపమని వాదించువారు కలరు. బయట మెకానిక్కు చేత విప్పించి, ఎవరును ముట్టలేదని చెప్పువారును కలరు. వారంటీ అనునది ఇరుప్రక్కల మాట. తాను మాట తప్పినవాడు ఎదుటివాని మాటను పట్టుకొని నిలదీయుట తగదు.

అయినను సర్వీసు సెంటరువారికి ఒక శోధన కలదు. స్టీరింగు బాక్సు మీద సర్దుబాటు స్క్రూ ఒకటి యుండును. వదులుకు అసలు కారణము డ్రాగ్ లింక్ జాయింటులో ఉన్నను, ఆ స్క్రూను గట్టిగా బిగించిన యెడల కొంతసేపటికి ప్లే తగ్గినట్లు తోచును. ఓనరు సంతోషించి పోవును. కాని మితిమీరి బిగించిన బాక్సు పట్టివేయును; మలుపు తిరిగిన తరువాత చక్రము తనంతట తాను తిన్నగా రాదు. అరిగిన జాయింటు అరుగుచునే యుండును. ఫిర్యాదు మాన్పుట వేరు, లోపము మాన్పుట వేరు. ఓనరు కంటికి బాగైనట్లు కనబడినంతమాత్రమున పని ముగిసినదని తలంచువాడు, రోడ్డు మీది మనుష్యుని లెక్కలోనికి తీసికొనలేదు.

ఇక ఓనరు వాదము వినుము. ఇది మరింత బాధకరమైనది. "లారీ ఒక్క దినము నిలిచిన యెడల కిరాయి పోవును. ఫైనాన్సు కిస్తీ ఆగదు. డ్రైవరుకు బత్తా ఇయ్యవలెను. తప్పు నాది కాదు; క్రొత్త బండి కొంటిని, డబ్బు చెల్లించితిని. వారి దృష్టికి తెచ్చితిని, జాబ్ కార్డులో వ్రాయించితిని. నా పని నేను చేసితిని. ఇక ఏమైన జరిగిన యెడల అది వారి తలమీదనే." కిస్తీ లేనివాడు ఈ మాటలను తేలికగా ఖండింపవచ్చును. ఒకే లారీ మీద బ్రదుకు ఒక కుటుంబమునకు పది దినములనగా ఎంతయో ఎరిగినవాడు ఖండించుటకు ముందు ఆగును.

అయినను ఈ వాదములో ఒక పొరపాటు కలదు. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన చట్టము మనమెరుగుదుము. మునుపెన్నడును పొడువని ఎద్దు ఒకని చంపిన యెడల, ఎద్దు చంపబడును గాని యజమానునిమీద దోషము లేదు. అయితే ఆ ఎద్దు పొడుచునదని అంతకుముందే యజమానునికి తెలియజేయబడి, అతడు దానిని కట్టివేయక విడిచిన యెడల, అతడే ప్రాణముతో ఉత్తరవాది యగును. ఎద్దు అదే, చావు అదే. మారినది ఒక్కటే: యజమానునికి తెలిసియుండుట.

ఇప్పుడు ఆ జాబ్ కార్డును మరల చూడుడి. తేదీ, కిలోమీటర్లు, స్టీరింగు వదులను ఫిర్యాదు, అన్నియు అందులో ఉన్నవి. డీలరు కాలయాపన చేసిన యెడల అది ఓనరు పక్షమున సాక్ష్యము. కాని ఆ తేదీ తరువాత లారీ రోడ్డెక్కిన యెడల, అదే కాగితము ఓనరుకు సంగతి తెలియుననుటకును సాక్ష్యము. ఫిర్యాదు చేసిన దినమున అతని భారము దిగిపోలేదు, ఇంకను ఎక్కువైనది. నిన్నటివరకు తెలియక నడిపినవాడు, నేడు తెలిసి నడుపుచున్నాడు.

కాగితములో పేరు లేనివానికి మనము ఏమి అచ్చియున్నామను ప్రశ్నను న్యాయస్థానములును ఎదుర్కొనవలసివచ్చెను. అమెరికాలో మక్ఫర్సన్ అను నతడు డీలరు యొద్ద బ్యూయిక్ కారు కొనెను. దాని కొయ్యచక్రము విరిగి అతడు క్రిందపడి గాయపడెను. తమకును అతనికిని ఒడంబడిక లేదనియు, అతడు కొనినది డీలరు యొద్దననియు, చక్రము వేరొకరు చేసినదనియు కంపెనీ వాదించెను. 1916లో న్యూయార్కు రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానములో న్యాయమూర్తి కార్డోజో ఆ వాదమును త్రోసివేసెను. అజాగ్రత్తగా చేసినచో ప్రాణాపాయమగు వస్తువును చేయువాడు, ఒడంబడిక లేకున్నను దానిని వాడువారి యెడల జాగ్రత్త వహింపవలెనని ఆ తీర్పు సారాంశము.

1928లో స్కాట్లండులోని పెయిస్లీ పట్టణమున డొనోహ్యూ అను స్త్రీ, స్నేహితురాలు కొనియిచ్చిన జింజరు బీరు త్రాగి, సీసాలో క్రుళ్లిన నత్త కనబడెనని, దానివలన జబ్బు పడితినని దావా వేసెను. కొనినది ఆమె కాదు గనుక ఒడంబడిక ఆమెకు లేదు. 1932లో ప్రభువుల సభ ఆమె పక్షమున తీర్పు చెప్పినప్పుడు, లార్డు ఆట్కిన్ ఒక పాత ప్రశ్నను చేపట్టెను. లూకా 10వ అధ్యాయములో ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువును అడిగిన ప్రశ్నయే అది: నా పొరుగువాడెవడు? నా క్రియవలన సూటిగా దెబ్బతినునట్టివాడు, నేను ఆ క్రియకు పూనుకొనునప్పుడు తలపోయదగినవాడు, అతడే చట్టములోను నా పొరుగువాడని ఆయన వివరించెను. మన దేశమున 2019లో సవరింపబడిన మోటారు వాహన చట్టములోని 110-ఎ సెక్షను, లోపముగల వాహనములను వెనుకకు పిలిపించు అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చుచు, డ్రైవరును, లోపలి ప్రయాణికులను మాత్రమే గాక, రోడ్డును వాడు ఇతరులను సైతము పేర్కొనుచున్నది. వారంటీ పుస్తకములో లేనివాడు చట్టములో ఉన్నాడు.

అయినను చట్టము తరచుగా దెబ్బ తగిలిన తరువాతనే వచ్చును. జనరల్ మోటార్సు కంపెనీ కార్లలోని ఇగ్నిషన్ స్విచ్ సంగతి దీనికి దృష్టాంతము. ఆ స్విచ్ నడుచుచుండగానే జారి, ఇంజనును, పవర్ స్టీరింగు సాయమును ఆపివేయుచుండెను. ప్రమాద సమయమున ఎయిర్‌బ్యాగులు తెరచుకొనకుండెను. లోపము కంపెనీలో కొందరికి ఏండ్ల తరబడి తెలిసియున్నను, కార్లను వెనుకకు పిలిచినది 2014లో. ఆ లోపము వలన కలిగినవని పరిహార నిధి అంగీకరించిన మరణములు 124. కంపెనీయే చేయించిన విచారణ నివేదిక అక్కడి ఒక అలవాటును బయటపెట్టెను. సమావేశములో అందరును పని జరుగవలసినదేనని తలలూపుదురు. బయటికి వచ్చిన తరువాత ఎవడును దానిని చేయడు. చేతులు కట్టుకొని, ఇది ఫలానా వారి పనియని ఎదుటివారిని చూపుదురు. ఇది ఒక దేశపు జబ్బు కాదు, ఒక కంపెనీ జబ్బును కాదు. మన సర్వీసు సెంటరులలోను, ఆఫీసులలోను, కమిటీలలోను తలలూపుట అందరికిని తెలిసినదే.

ఈ పొరపాటునకు మూలము, ఉత్తరవాదిత్వమును మనము డబ్బువలె లెక్కించుటయే. బిల్లును పంచుకొనవచ్చును, కంపెనీ ఇంత, డీలరు ఇంత, ఓనరు ఇంత అని వ్రాసికొనవచ్చును. ఒకడు ఎక్కువ చెల్లించిన యెడల మరియొకడు తక్కువ చెల్లించును. ఒక ప్రాణము యెడల కలిగిన ఉత్తరవాదిత్వము అట్టిది కాదు. డీలరు దోషి యగుటవలన ఓనరు భాగము తగ్గదు. ఓనరుకు తెలియుటవలన డీలరు భాగము తగ్గదు. తెలిసిన ప్రతివానిమీదను అది పూర్తిగా ఉన్నది. ఖర్చెవరిదని తేల్చుటకు వారంటీ యున్నది. లారీ ఈ రాత్రి నడువవచ్చునా యను ప్రశ్నకు వారంటీలో జవాబు లేదు.

కావున లారీ ఓనరు ఏమి చేయవలెను? ఫిర్యాదును దాచక, జరిగినది జరిగినట్లు జాబ్ కార్డులో వ్రాయింపవలెను. లోడు ఎక్కువ వేసిన సంగతి యున్న యెడల చెప్పవలెను. ప్లే ఎన్ని డిగ్రీలు ఉన్నదో తన యెదుట కొలిపించి ఆ అంకెను వ్రాయింపుమని అడుగవలెను. అంకె పడినచోట మామూలే అను మాట నిలువదు. సమాధానము రానప్పుడు కంపెనీకి వ్రాయవలెను. బ్రదుకుతెరువుకై స్వయముగా నడుపుకొనుటకు కొనినవానికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద వినియోగదారుడుగా ఫిర్యాదు చేయు హక్కు కలదు. అంతవరకు లారీ నిలువవలెను. ఇది కష్టము, నష్టము. అయినను కిస్తీ ఒక నెల వెనుకబడుటకును, ఒక తల్లి బిడ్డను పోగొట్టుకొనుటకును త్రాసు సమానము కాదు.

సర్వీసు సెంటరువారు ఏమి చేయవలెను? లారీని ఆపుమని చెప్పువారు, ఆగుటను సాధ్యము చేయవలెను. సురక్షితము కాని లారీని మామూలని పంపుట అబద్ధము. పది దినములు ఆగుమని చెప్పి అతని కిస్తీని తలంపకుండుట కఠినత్వము. భాగము ఎప్పుడు వచ్చునో వ్రాసి యిచ్చుట, వేరొక ఊరి స్టాకునుండి తెప్పించుట, స్టీరింగు, బ్రేకుల పనులను వరుసలో ముందు పెట్టుట వారి చేతిలోనివి. వారంటీ తమకు నష్టము కలిగించునప్పుడే వారిచ్చిన మాట విలువ తెలియును.

డ్రైవరును మరువకూడదు. అందరికంటె ముందు ఆ వదులు తెలియునది అతని చేతులకే. అందరికంటె తక్కువ మాట చెల్లునదియు అతనికే. నడుపనన్న యెడల పని పోవునను భయము అతనికి కలదు. డ్రైవరు చెప్పిన లోపమును సాకుగా తలంచి కసరు ఓనరు, తనకు దొరకిన మొదటి హెచ్చరికను తానే పారవేసికొనుచున్నాడు.

మన దేశములో 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరని ప్రభుత్వ లెక్క. వారిలో 32 వేలకు పైగా కాలినడకన పోవువారు. వీరిలో స్టీరింగు వదులు వలన పోయినవారెందరో ఈ లెక్క చెప్పదు. ఒకటి మాత్రము చెప్పవచ్చును. రోడ్డు ప్రక్కన నడుచువాడు ఏ లారీకి వారంటీ ఉన్నదో, ఏ జాబ్ కార్డులో ఏమి వ్రాసియున్నదో ఎరుగడు. సర్వీసు సెంటరుకు పోయి తన పక్షమున అడుగలేడు. అతని పక్షమున అడుగవలసినవారు ఆ కౌంటరుకు ఇరువైపుల నిలిచియున్నవారే.