తొంబై ఏళ్ల వయసులో నటనా?



మక్కబీయుల రెండవ గ్రంథం మన ఇళ్లలో అంతగా తెరవబడని గ్రంథం. మృతులకోసం ప్రార్థించటం గురించి చెప్పవలసి వచ్చినప్పుడు గురువులు దానిలోనుండి నాలుగు మాటలు చదువుతారు, అంతటితో సరి. కాని ఆ గ్రంథం ఆరవ అధ్యాయంలో ఎలియాసరు అనే వృద్ధుని కథ ఉంది. ఈ వారం ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చొని దానిని చదవండి. పది నిమిషాలు కూడ పట్టదు.

అది క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దం. అంతియోకు ఎపిఫానెసు రాజు యూదులను వారి ధర్మశాస్త్రం విడిచిపెట్టమని బలవంతం చేస్తున్న రోజులు. ఎలియాసరుకు తొంబై ఏళ్లు, పేరుమోసిన ధర్మశాస్త్ర బోధకుడు. ఆయన నోరు బలవంతాన తెరిచి పందిమాంసం పెట్టారు. ఆయన దానిని ఉమ్మివేసి, శిక్షాస్థలంవైపు తనంతట తానే నడిచాడు. ఇంతవరకు వేదసాక్షుల కథలలో మామూలుగా ఉండేదే. అసలు సంగతి ఆ తరువాత ఉంది. ఆ బలిని జరిపిస్తున్న అధికారులు ఆయనకు పాత పరిచయస్తులు. ముసలాయన చావటం వాళ్లకు ఇష్టం లేదు. పక్కకు పిలిచి రహస్యంగా ఒక ఉపాయం చెప్పారు. ధర్మశాస్త్రం ఒప్పుకునే మాంసమే ఇంటినుండి తెచ్చుకొని తినమన్నారు. చూసేవాళ్లకు మాత్రం రాజు పెట్టిన బలిమాంసమే తింటున్నట్టు కనబడితే చాలునన్నారు.

ఆలోచించి చూడండి. ఇందులో ధర్మశాస్త్రాన్ని మీరటం ఎక్కడుంది? తినేది శుద్ధమైన మాంసమే. నోటితో అబద్ధమాడనక్కరలేదు. మంచి ప్లీడరు చేతికిస్తే గెలిచే కేసే! ఎలియాసరు మాత్రం ఒప్పుకోలేదు. దేవుని శిక్షకు చిక్కుతానని అన్నాడు, నిజమే. కాని అంతకు ముందు ఆయన చెప్పిన కారణం వేరు. ఈ వయసులో తాను నటిస్తే, తొంబై ఏళ్ల ఎలియాసరు కూడ పరాయి మతంలో కలిసిపోయాడని పిల్లలు అనుకుంటారట. మిగిలిన నాలుగు రోజుల బ్రతుకు కోసం వాళ్లను తప్పుదారి పట్టించినవాడినవుతానన్నాడు. అది విన్నాక ఆ స్నేహితులకు కోపమొచ్చింది, ఇతడికి పిచ్చి పట్టిందనుకున్నారు. ఆయనను కొట్టి చంపారు. దాని వెంటనే ఏడవ అధ్యాయంలో వచ్చేది ఒక తల్లి, ఆమె ఏడుగురు కుమారుల కథ. ముసలాయన ఎవరిని తలచుకొని నటించనన్నాడో, ఆ పిల్లలే తరువాతి పుటలో నిలబడి ఉన్నారని నాకనిపిస్తుంది.

చిత్తశుద్ధి గురించి ప్రసంగాలు వినేటప్పుడు మనం ఒక శత్రువును ఊహించుకుంటాం. కత్తి పట్టుకున్న రాజు, లంచమడిగే అధికారి, భయపెట్టే గూండా. నిజానికి మన నిజాయితీని వదులుకోమని అడిగేవారు చాలాసార్లు మన మేలు కోరినవారే. మేనమామ చెబుతాడు, తోడల్లుడు చెబుతాడు, తోటి ఉద్యోగి టీ తాగించి మరీ చెబుతాడు. వాళ్లు అడిగేది కూడ పెద్దదేమీ కాదు, ఒక సంతకం, ఒక మౌనం, కాసేపు నటన. లోపల నీ విశ్వాసం నీకుంది కదా అంటారు. ప్రేమతో వచ్చిన మాట కాబట్టే దానిని కాదనటం అంత కష్టం.

ఈ కష్టాన్ని చివరిదాకా అనుభవించిన ఒక రైతు గురించి చెబుతాను. పేరు ఫ్రాంజ్ యేగర్‌స్టేటర్. ఆస్ట్రియా దేశంలో సెయింట్ రాడెగుండ్ అనే చిన్న పల్లె ఆయనది. 1907లో పుట్టాడు. 1938 ఏప్రిల్‌లో ఆస్ట్రియాను హిట్లర్ జర్మనీలో కలుపుకొని ప్రజల ఓటు అడిగినప్పుడు ఆ ఊళ్లో వద్దని ఓటు వేసినవాడు ఈయన ఒక్కడే. ఊరి పెద్దలు దానిని లెక్కలోకి రానివ్వలేదు. ఊరంతా ఏకగ్రీవమని కాగితం మీద రాసి పంపారు. 1940లో ఆయనకు సైన్యంనుండి పిలుపు వచ్చింది. వెళ్లాడు, శిక్షణ పొందాడు, రైతు కాబట్టి కొన్నాళ్లకు ఇంటికి పంపించారు. ఆ తరువాత గుడి సేవకునిగా పనిచేస్తూ, ప్రార్థిస్తూ, చదువుకుంటూ ఉండగా ఒక సంగతి ఆయనకు స్పష్టమైంది. హిట్లర్ చేస్తున్నది అన్యాయమైన యుద్ధం, దానిలో తాను ఆయుధం పట్టరాదు. మళ్లీ పిలుపు వచ్చాక 1943 మార్చిలో వెళ్లి, నేను పోరాడను అని చెప్పేశాడు. గాయపడినవారికి సేవచేసే పనైతే చేస్తానన్నాడు. దానిని వాళ్లు ఒప్పుకోలేదు.

ఆయనను ఆపాలని చూసింది ఎవరు? తల్లి. బంధువులు. ఊరివాళ్లు. చివరకు లింజ్ మేత్రాసన పీఠాధిపతులు కూడ, ఆయన సలహా కోరి వెళ్లినప్పుడు, భార్యాబిడ్డల బాధ్యత ముఖ్యమని నచ్చజెప్పారు. ముగ్గురు ఆడపిల్లలు, పెద్దదానికి ఆరేళ్లు కూడ నిండలేదు. వీళ్లెవ్వరూ దుర్మార్గులు కారు. జూలై 6న మరణశిక్ష విధించారు, 1943 ఆగస్టు 9న శిరచ్ఛేదం చేశారు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఆరు. భార్య ఫ్రాంజిస్కా మొదట్లో ఆయన మనసు మార్చాలని చూసినా, చివరకు ఆయన పక్షాన నిలబడింది. ఊరు ఆమెనే తప్పుపట్టింది. యుద్ధంలో చనిపోయినవారి భార్యలకిచ్చే పింఛను ఆమెకు 1950 దాకా ఇవ్వలేదు. 2007 అక్టోబరు 26న లింజ్ నగరంలో శ్రీసభ ఆయనను ధన్యునిగా ప్రకటించినప్పుడు తొంబై నాలుగేళ్ల ఫ్రాంజిస్కా ఆ పూజలో కూర్చొని ఉంది.

ఇంకొక మాట కూడ చెప్పాలి. ఈ ఫ్రాంజ్ పుట్టుకతో పునీతుడేమీ కాదు. యౌవనంలో దుడుకువాడు, ఊళ్లో మోటారు సైకిలు కొన్న మొదటివాడని చెబుతారు. పెండ్లికి ముందే వేరొక స్త్రీవలన ఒక బిడ్డకు తండ్రి అయ్యాడు, ఆ బిడ్డను తన బిడ్డగానే చూసుకున్నాడు. జీవితమంతా చిత్తశుద్ధితో బ్రతకటమంటే మచ్చలేని తెల్లచొక్కా అని మనలో చాలామంది అనుకుంటారు. ఒకసారి మరకపడితే ఇక మనకెందుకులే అని వదిలేస్తారు. పాపసంకీర్తనం అనే దేవద్రవ్యానుమానం ఉన్న శ్రీసభలో పుట్టి అలా అనుకోవటం వింత.

అలాగే, ఒకసారి గెలిచినవాడు ఎప్పటికీ గెలిచినట్టు కూడ కాదు. పునీత పేతురును చూడండి. పెంతెకోస్తు అయిపోయింది, కొర్నేలీ ఇంట భోజనం అయిపోయింది. అయినా అంతియోకియ పట్టణంలో, అన్యజనులలోనుండి వచ్చిన క్రైస్తవులతో కలిసి తింటున్నవాడు, యెరూషలేమునుండి కొందరు రాగానే మెల్లగా పక్కకు జరిగాడు. ఆయనను చూసి బర్నబా కూడ జరిగాడు. పునీత పౌలు అందరి ఎదుటనే నిలదీశాడు. గలతీయులకు రాసిన లేఖ రెండవ అధ్యాయంలో ఉంది ఈ సంగతి. పేతురు సిద్ధాంతమేమీ మార్చుకోలేదు, కూర్చునే చోటు మార్చుకున్నాడు, అంతే. ఎలియాసరుకు పరీక్ష వచ్చిందీ తిండి దగ్గరే, పేతురుకు వచ్చిందీ తిండి దగ్గరే.

మనకు కూడ అక్కడే వస్తుంది. ఆదివారం ఒకే బలిపీఠం ముందు వరుసగా నిలబడి ఒకే దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తాం. మధ్యాహ్నం ఇంట్లో పెండ్లి మాటలు మొదలయితే, సంబంధం అడిగేవాళ్లు క్యాథలిక్కులేనా అన్నది రెండవ ప్రశ్న. మొదటిది ఏమిటో మీకు తెలుసు. పెండ్లి ప్రకటనల్లో క్యాథలిక్ అన్న మాటకు ముందో వెనుకో కులం పేరు ఉంటుంది. ఎవరింట భోంచేస్తాం, ఎవరింట పని ఉందని చెప్పి మంచినీళ్లు కూడ తాగకుండా లేచి వస్తాం? మా నాయనమ్మ బాధపడుతుంది, మా వాళ్లు ఒప్పుకోరు అంటాం. యెరూషలేమునుండి వచ్చినవాళ్లు ఏమనుకుంటారో అని పేతురు అనుకున్నదీ అదే.

దీనిని ముందు చెప్పటానికి కారణం ఉంది. తరువాత చెప్పబోయే విషయంలో కొందరు చాలా తొందరగా తీర్పు చెబుతుంటారు.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి జారీచేసిన ఉత్తర్వు ప్రకారం హిందువులకు మాత్రమే షెడ్యూల్డ్ కులాల హోదా. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. జ్ఞానస్నానం పొందిన దళితునికి ఆ హోదా లేదు. మన తెలుగు రాష్ట్రాలలో అతడు బి.సి.-సి వర్గంలో, ఒక్క శాతం రిజర్వేషన్‌లో పడతాడు. గుడికి వెళ్లినందువల్ల వాడలో ఇల్లు మారదు, పొలంలో కూలి మారదు, పిలిచే పిలుపు మారదు, కాగితం మీద మాత్రం కులం పోయిందంటారు. మతంతో సంబంధం లేకుండా ఈ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. ఇక 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు, జ్ఞానస్నానం పొంది గుడికి వెళ్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పిన ఒకామె దరఖాస్తును తోసిపుచ్చింది. అది రాజ్యాంగాన్ని మోసగించటమేనంది.

మన విచారణలలో ఎన్ని కుటుంబాలు రెండు పేర్లతో బ్రతుకుతున్నాయో మీకు చెప్పనక్కరలేదు. గుడి రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు. మతం అన్న గడిలో రాసింది ఒకటి, ఇంటి గోడమీద ఉన్నది మరియమాత పటం. అది అబద్ధం కాదని నేను అనలేను. దేవునికి తెలుసు కదా అన్న సమాధానం ఎలియాసరు స్నేహితులు కూడ ఇవ్వగలిగేవారే. కులం మాట వాళ్లు చెప్పినది నిజమే, మతం మాటే అబద్ధం, దానిని వాళ్ల నోట పెట్టింది ఆ ఉత్తర్వు. అయినా నన్ను బాధించేది ఆ గడి కంటే పదేళ్ల పిల్లవాడికి ఇంట్లో చెప్పే మాట: బడిలో ఎవరైనా అడిగితే గుడికి వెళ్తామని చెప్పకురా. వాడు నేర్చుకునేది ఒక్క కాగితం సంగతి కాదు. జ్ఞానస్నానపు పేరు ఆదివారానికి మాత్రమేనని నేర్చుకుంటాడు. తల్లిదండ్రులు పెద్దయ్యాక చెబుదాంలే అనుకుంటారు. అప్పటికి వాడికి చెప్పనక్కరలేకుండానే తెలిసిపోతుంది.

కాని ఆ తల్లిని పిలిచి కాగితం చింపెయ్యమని చెప్పే అధికారం ఎవరికుంది? ఆ కాగితం మీద ఆమె కొడుకు ఇంజనీరింగు సీటు, హాస్టలు, స్కాలర్‌షిప్పు ఉన్నాయి. సొంత పొలం, సొంత కాలేజీ ఉన్నవాళ్లు ఆమెకు నిజాయితీ మీద ప్రసంగం చేస్తే వినటానికి బాగుండదు. ఎలియాసరు తన ప్రాణాన్ని తాను ఇచ్చాడు, ఎదుటివాడి ప్రాణాన్ని ఇమ్మని అడగలేదు. ఫ్రాంజిస్కా పొలం దున్నుకుంటూ ముగ్గురు పిల్లలను పెంచుతుంటే, ధైర్యవంతుని భార్యవమ్మా అని చెప్పి ఆమె పొలంలోకి దిగినవాళ్లు ఎంతమంది?

నిజం చెప్పటానికి కొందరికి చాలా ఖర్చవుతుంది. ఆ ఖర్చులో ఎంత మనం పంచుకుంటామన్నది విచారణ మొత్తానికి వేయవలసిన ప్రశ్న. ఏటా ఆగస్టు 10న నల్లజెండాలు పట్టుకొని ఊరేగుతాం, వినతిపత్రాలు ఇస్తాం. మంచిదే, మానకూడదు. దానితోపాటు ఇంకొకటి చేయవచ్చు. మీ విచారణ ఉత్సవానికి విద్యుద్దీపాలకు, మందుగుండుకు, మైకుసెట్టుకు కిందటేడు ఎంతైందో లెక్క పెద్దల సంఘం దగ్గర ఉంటుంది. అడిగి చూడండి. దానిలో సగం పక్కన పెడితే, నేను క్రైస్తవుడనని దరఖాస్తులో రాసి స్కాలర్‌షిప్పు పోగొట్టుకున్న ఎంతమంది పిల్లలకు ఏడాది ఫీజు కట్టవచ్చో లెక్కవేయండి. ఒక్కరికే వచ్చినా సరే. ఆ పిల్లవాడి పేరు గుడిలో చదివి వినిపించకండి. డబ్బు మాత్రం జూన్‌లో, ఫీజు గడువు దాటకముందే, వాళ్లింటికి తీసుకువెళ్లి ఇవ్వండి. వెళ్లినప్పుడు మంచినీళ్లిస్తే తాగండి, అన్నం పెడితే కూర్చొని తినండి.