చెరలోని వానికీ గడువు నడుస్తుంది

అప్పు నోటు మూడేళ్లు దాటితే చెల్లదని సోమందేపల్లిలో ఎరుగని వారు లేరు. గడువు దగ్గర పడితే నోటు వెనుక చెల్లు వేయిస్తారు, కాకుంటే తిరగ రాయించుకుంటారు. రూపాయి పట్ల ఇంత మెలకువ గల మనం, ఇంటి మనిషి జైలులో దెబ్బతిన్నా, అక్కడే కన్నుమూసినా, గడువు ఏనాటి నుంచి మొదలైందో అడగం. ఈ అలక్ష్యం తగదు.

మన రాయలసీమలోనే జరిగినది వినండి. 1977 ఏప్రిల్‌లో అవుకు ప్రాంతానికి చెందిన చల్లా చిన్నపరెడ్డిని, ఆయన కుమారుడు రామకృష్ణారెడ్డిని కోయిలకుంట్ల సబ్ జైలులో ఉంచారు. తమ ప్రాణాలకు ముప్పుందని వారు ముందే మొరపెట్టుకున్నారు. మే 6 తెల్లవారుజామున కొందరు జైలులో చొరబడి వారి గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి మరణించాడు, కొడుకు గాయాలతో బతికాడు. కాపాడవలసిన ప్రభుత్వమే కాపాడలేదని ఆ కుటుంబం పది లక్షల పరిహారానికి దావా వేసింది.

ప్రభుత్వం రెండు మాటలు చెప్పింది. జైలు నడపడం రాజ్యాధికారం గనుక మాపై దావా చెల్లదన్నది ఒకటి. దావాకు కాలదోషం పట్టిందన్నది రెండోది. చట్టాన్ని అనుసరించి చేసిన పనికైనా, మానిన పనికైనా పరిహారం కోరేవాడు ఏడాదిలోగా రావాలని కాలపరిమితి చట్టం 72వ అధికరణం చెబుతుంది. కింది కోర్టు ఆ వాదన విని దావా కొట్టివేసింది. హైకోర్టు వినలేదు. ఆ చిన్న గడువు చాటున నిలిచే అర్హత చట్టాన్ని నమ్మి నిజాయితీగా నడచుకున్న వారికే గాని, కాపలా ధర్మం విడిచిన వారికి లేదు. కనుక 113వ అధికరణం కింద మూడేళ్ల గడువే వర్తిస్తుందని, 1,44,000 రూపాయలు వడ్డీతో చెల్లించమని తీర్పు చెప్పింది. ప్రభుత్వం అప్పటికీ తగ్గక సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషికి జీవించే హక్కు పోదని, దాని ముందు రాజ్యాధికారం సాకు కాదని 2000 ఏప్రిల్ 26న ఆ కోర్టు అప్పీలు తోసిపుచ్చింది. ఇరవై మూడేళ్లు!

బందీని హింసించిన చెరసాల అధికారికి దండన విధించమని కౌటిల్యుడు ఏనాడో రాశాడు. తాళం తన చేతనే పెట్టుకొని, లోపలి వానిని ఆలస్యంగా వచ్చావనడం ఏ రాజ్యానికి శోభ? సర్కారు ప్లీడర్లారా, వాదించే హక్కు మీకున్నది, కాదనను. ప్రతి హక్కునూ వాడి తీరవలసిన పని లేదు.

అయినా వారి దయను నమ్ముకొని కూర్చోవద్దు. అప్పీలు ఆలస్యమైతే కారణం చూపి మన్నింపు కోరవచ్చు, దావాకు ఆ మన్నింపు లేదు. మైనరుకు, మతిస్థిమితం లేనివానికి చట్టం గడువు సడలించింది. జైలులో ఉన్నవానికి సడలించలేదు. ప్రభుత్వంపై దావాకు ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఆ రెండు నెలలు గడువు లెక్కలోంచి తీసివేస్తారు గాని, క్రిమినల్ కేసు తేలేదాకా వేచి ఉన్న కాలాన్ని ఎవరూ తీసివేయరు. మానవ హక్కుల కమిషన్ కూడా ఏడాది దాటిన సంగతిని విచారణకు తీసుకోరాదు. మూడేళ్లని హైకోర్టు అన్నది కదా అని ఏమరకండి, అవతలివారు మళ్లీ ఏడాది లెక్కే ఎత్తుతారు. ఏడాదిలోపే కదలండి.

డబ్బు లేదనకండి. నిర్బంధంలో ఉన్నవానికి ఉచితంగా వకీలునివ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతుంది. పెనుకొండలోనో, హిందూపురంలోనో కోర్టుకు వెళ్లి అడగండి. మొదటి ములాఖత్‌లోనే దెబ్బ తగిలిన తేదీ, చూసిన డాక్టరు పేరు, ఆసుపత్రి చీటీ వివరం రాసుకొని రండి. వకాల్తా మీద సంతకం పెట్టించే రోజునే ఆ కాగితం ప్లీడరు చేతికివ్వండి.