పేలవ కృతిలో నైతిక ప్రశ్న: ‘స్పాక్స్ బ్రెయిన్’ పరిశీలన

గొప్ప కృతిలో గంభీరార్థాన్ని వెదకడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పేలవమని అందరూ తీర్మానించిన కృతిలో ఆ పని చేసినప్పుడు మాత్రం, ఆ అర్థం కృతిలో ఉన్నదా, విమర్శకుడు తెచ్చిపెట్టినదా అన్న సందేహం కలుగుతుంది. ఆ సందేహం న్యాయమైనదే. దానిని పరీక్షించడానికి అమెరికన్ టెలివిజన్ ధారావాహిక ‘స్టార్ ట్రెక్’లోని ‘స్పాక్స్ బ్రెయిన్’ అనువైన ఉదాహరణ.

1968 సెప్టెంబరు 20న ప్రసారమైన ఈ భాగంతో ఆ ధారావాహిక మూడవ విడత మొదలైంది. రచయిత జీన్ ఎల్. కూన్, తెరపై కనిపించేది లీ క్రోనిన్ అన్న మారుపేరు. ధారావాహికలోని నాసిరకం భాగాలను ఎవరు లెక్కించినా దీనిని తరచు ముందు వరుసలో నిలుపుతారు. కారణం కథ వింటేనే తెలుస్తుంది. కారా అనే స్త్రీ ఎంటర్‌ప్రైజ్ నౌకలో ప్రవేశించి, అందరినీ స్పృహ తప్పించి, స్పాక్ మెదడును అపహరిస్తుంది. ఆమె లోకంలో పురుషులు మంచు కప్పిన నేల మీద ఆటవికులుగా, స్త్రీలు భూగర్భంలో సకల సౌఖ్యాలతో బతుకుతుంటారు. ఆ భూగర్భ నగరానికి గాలిని, వేడిని, శుద్ధజలాన్ని అందించే యంత్రాంగాన్ని నడిపేది ఒక సజీవ మస్తిష్కం. పాతది అవసానదశకు చేరడంతో స్పాక్ మెదడు కావలసివచ్చింది. మెదడు లేని దేహాన్ని రిమోట్‌తో నడిపించుకుంటూ మిత్రులు వెదకబోవడం చూస్తే నవ్వు ఆగదు.

ఆ నవ్వు కింద అణగిపోయిన ప్రశ్న ఒకటున్నది. ఒక సమాజం బతకడానికి ఒక వ్యక్తిని సాధనంగా వాడుకోవచ్చునా? వజ్రాయుధం కోసం తన ఎముకలను ఇచ్చిన దధీచి కథ మనకు తెలిసినదే. అక్కడ దేవతలు వెళ్లి అడిగారు, ముని ఇచ్చాడు. అడగడం, ఇవ్వడం అన్న ఆ రెండు క్రియలను తొలగిస్తే త్యాగం అపహరణ అవుతుంది. స్పాక్‌ను ఎవరూ అడగలేదు. కాబట్టి మెదడును తిరిగి తీసుకోవడం న్యాయమే అనిపిస్తుంది. అయితే నియంత్రకుడు లేకపోతే తాము బతకలేమని కారా వేడుకుంటుంది. అందుకు కెప్టెన్ కర్క్ ఇచ్చే సమాధానం కొన్ని వాక్యాలలో ముగుస్తుంది: పైకి వచ్చి పురుషులతో కలిసి బతకడం నేర్చుకోవాలి, సాయం అందుతుంది. ఈ నిర్ణయానికి ముందు ఆ ప్రజలనూ ఎవరూ అడగలేదు! అపహరణలో లోపించిన సమ్మతి పరిష్కారంలోనూ లోపించింది. ఈ సామ్యాన్ని రచయిత ఉద్దేశించినట్లు కనిపించదు. కానీ కారా వేడుకోలు సంభాషణలోనే ఉన్నది. విమర్శకుడు కల్పించినది కాదు.

జ్ఞానం విషయమూ ఇలాంటిదే. మెదడంటే ఏమిటో తెలియని కారా అంత క్లిష్టమైన శస్త్రచికిత్స చేయగలిగింది ‘బోధకుడు’ అనే శిరోయంత్రం వల్ల. అది ఇచ్చే విద్య కొన్ని గంటలలో అంతరిస్తుంది. ఆమె పూర్వులు తమ విద్యను భద్రపరచారు గాని, నేర్చుకునే అలవాటును భద్రపరచలేదు. వైద్యుడైన మెకాయ్ అదే యంత్రాన్ని ధరించి చికిత్స ప్రారంభిస్తాడు. మధ్యలో ఆ విద్య జారిపోతుంది. అప్పటికి మాట వచ్చిన స్పాక్ సహాయంతోనే పని పూర్తిచేస్తాడు. ఎరువు తెచ్చుకున్న విద్య అపహర్తనూ రక్షకుడినీ ఒకే స్థితిలో నిలబెట్టింది. మెకాయ్‌ను గట్టెక్కించింది అతని జీవితకాలపు అభ్యాసమూ, రోగితో సంభాషణా. నా దృష్టిలో ఈ భాగం మొత్తానికి ఇదే విలువైన ఘట్టం.

వెలుగు కోరేవాడు దీపశిఖ విషయంలో శ్రద్ధ వహించినట్లే, వ్యంగ్యార్థాన్ని కోరేవాడు వాచ్యార్థాన్ని ఆదరించాలని ఆనందవర్ధనుడి అభిప్రాయం. ఇక్కడి దీపం పొగచూరినది. అయినా దాని వెలుగులోనే చూడాలి. పై రెండు అర్థాలకూ సంభాషణలో, సంఘటనలో ఆధారం ఉన్నది గనుక అవి నిలుస్తాయి. ఆ ఆధారం లేనిచోట సహృదయత అతివ్యాఖ్య అవుతుంది. స్త్రీలందరినీ పసిపిల్లల బుద్ధి కలవారిగా చిత్రించడాన్ని లింగవివక్షపై వ్యంగ్యమని సమర్థించే వీలు ఈ కథలో నాకు కనబడదు. అది దోషమే. లోతైన అర్థం దొరికినంత మాత్రాన అది మాసిపోదు.

చివర స్పాక్ మెలకువ వచ్చిన వెంటనే ఆ నాగరికత చరిత్రను సుదీర్ఘంగా వివరించడం మొదలుపెడతాడు. మిత్రులు విసుగు నటిస్తారు, కథ హాస్యంతో ముగుస్తుంది. కారా అడిగినదానికి జవాబు ఆ చరిత్రలో ఎక్కడైనా ఉండవచ్చు. వినే ఓపిక ఆ గదిలో ఎవరికీ లేదు.