పన్నెండు మంది పిల్లలు, ఒక కూతురు

భార్యాభర్తలిద్దరూ ఏడేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని కెన్యా వెళ్లి, అక్కడి ఒక క్రైస్తవ బాలల గృహంలో పన్నెండు మంది పిల్లలకు తల్లిదండ్రులుగా ఉండాలనుకుంటున్నారు. అప్పుడు ఆ కూతురు వాళ్లకు ఏమవుతుంది? పదమూడో పిల్లా? లేక ఇప్పటిలాగే ఒక్కగానొక్క బిడ్డా? అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని రాజయ్యపేటలో ఇద్దరు ఈ ప్రశ్న మీద మాట్లాడుకుంటారు. ఒకరు రిటైరైన బడి మాస్టారు. రెండో మనిషి ఆయన మేనకోడలు, విశాఖలో నర్సు. ఆ కూతురి తల్లి ఆమే. వెళ్లాలా వద్దా అని తేల్చుకోవలసిందీ ఆమే. ఇద్దరూ ఊహించినవాళ్లే. వాళ్ల మాటల్లో వచ్చే ఊళ్లూ పేర్లూ ఏళ్లూ మాత్రం నిజం.

అవి వేట నిషేధం రోజులు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లూ మోటారు పడవలూ సముద్రంలోకి దిగకూడదు. బడులకూ అప్పుడే సెలవులు. మత్స్యకారుల పిల్లలకు నాన్న ఎక్కువగా కనబడేది ఆ రెండు నెలల్లోనే. మాస్టారు అక్కడి నుంచే మొదలుపెట్టారు.

"ఇలాంటి ఊళ్లలో తండ్రి ఇంట్లో లేకపోవడం కొత్తేటి కాదమ్మా. మన ఉత్తరాంధ్ర తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకెళ్లినవాళ్లు నెలల తరబడి రారు. పిల్లలు అమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో పెరుగుతారు. నాన్న దూరంగా ఉన్నాడని పిల్లకు తెలుసు, వస్తాడనీ తెలుసు. నీ కూతురి సంగతి వేరు. అమ్మా నాన్నా కళ్లెదుటే ఉంటారు. ఇంకొకరి పిల్లలకు అన్నం పెడుతూ, ఇంకొకరి పిల్లల్ని నిద్రపుచ్చుతూ ఉంటారు. ఎదురుగా ఉన్న అమ్మ అందకపోవడాన్ని ఏడేళ్ల పిల్ల ఎలా అర్థం చేసుకుంటుంది?"

మేనకోడలు ఈ ప్రశ్నకు సిద్ధపడే వచ్చింది. "కుటుంబాలతో దేశం దాటి సేవకెళ్లడం కొత్త కాదు కదా మావయ్యా. కెనడా నుంచి మిషనరీలు మన దగ్గరికే వచ్చారు. కాకినాడలో మెక్లారిన్ హైస్కూలు, విశాఖలో టింపనీ స్కూలు ఆ మనుషుల పేర్ల మీదే ఉన్నాయి. జాన్ మెక్లారిన్, టింపనీ తోడల్లుళ్లు. అక్కచెల్లెళ్లిద్దరూ మొగుళ్లతో పాటు తెలుగు దేశానికి వచ్చారు. 1874లో మెక్లారిన్ కాకినాడ చేరాక ఈ తీరం పొడవునా వాళ్ల పని పెరిగింది."

"1885లో టింపనీ కలరాతో కాకినాడలోనే పోయాడని కూడా చెప్పు," అన్నారు మాస్టారు. "ఆ కాలపు మిషనరీ ఇళ్లలో రెండు భయాలుండేవి. ఒకటి జబ్బు. రెండోది చదువు. పిల్లలకు ఆరేడేళ్లు వస్తే ఓడెక్కించి స్వదేశానికి పంపేవాళ్లు. తల్లి వాళ్లతో వెళ్తే ఇక్కడ తండ్రి ఒంటరి. తల్లి ఉండిపోతే అక్కడ పిల్లలు ఒంటరి. అమెరికన్ మిషనరీలు 1901లో కొడైకెనాల్‌లో బడి పెట్టుకున్నదే ఆ బాధ పడలేక. ఇప్పుడు దాన్ని కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్ అంటున్నారు. పిల్లలు కనీసం సముద్రానికి ఇవతల ఉంటారని వాళ్ల ఆశ. ఇంతకీ సేవ చేద్దామని నిర్ణయించుకున్నది పెద్దవాళ్లు. దాని ఖరీదు కట్టింది ఎవరు?"

ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత పండిత రమాబాయి పేరెత్తింది.

రమాబాయి కూతురు మనోరమ 1881లో పుట్టింది. తండ్రి పసితనంలోనే పోయాడు. తల్లి 1889లో శారదా సదన్ పెట్టింది. తరువాత పుణె దగ్గర కేడ్గావ్‌లో ముక్తి మిషన్ నడిపింది. 1890ల చివరి కరువుల్లో దిక్కులేకుండా మిగిలిన వందల మంది ఆడపిల్లల్ని తెచ్చి సాకింది. వాళ్లందరి మధ్యా ఒక సొంత కూతురు. మనోరమ బయట చదువుకుని వచ్చి తల్లి పనిలోనే చేరింది. పెళ్లి చేసుకోలేదు. 1921లో చనిపోయింది. మరుసటి ఏడాది తల్లి పోయింది.

"చూశారా, ఆ కూతురు విసిగిపోలేదు. తల్లి పనినే తన పని చేసుకుంది," అంది మేనకోడలు.

"చేసుకుంది, కాదనను. చాలా గొప్ప జీవితం. నా సందేహం గొప్పతనం మీద కాదమ్మా. పుట్టిన దగ్గర్నుంచీ ఒకే పనిని, ఒకే ఆవరణను చూస్తూ పెరిగిన బిడ్డ దాన్ని తానే ఎంచుకుందని ఎలా చెప్పగలం? కాదని వెళ్లిపోవడానికి వీలున్నప్పుడే కదా ఉండిపోవడానికి విలువ! మీ పాప పదిహేనేళ్లప్పుడు, నాకీ పిల్లలతో పడదు, నన్ను వేరే చోట చదివించండి అంటే మీరిద్దరూ ఏం చేస్తారు? ఆ మాట అనడానికి భయపడని ఇల్లు ఇవ్వగలరా?"

ఈ చిక్కును కొందరు మొదట్లోనే తప్పించుకున్నారు. ఐర్లండ్‌లో పుట్టిన ఏమీ కార్మైకేల్ 1895లో భారతదేశానికి వచ్చి, 1951లో చనిపోయేదాకా ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లలేదు. దేవదాసి కాబోతున్న ఒక చిన్నపిల్ల 1901లో ఆమె దగ్గరికి పారిపోయి వచ్చింది. తమిళనాట దోహ్నావూర్‌లో పిల్లల గృహం ఆ పిల్లతోనే మొదలైంది. అక్కడి పిల్లలందరికీ ఆమె అమ్మ. ఆమె పెళ్లి చేసుకోలేదు కాబట్టి సొంత బిడ్డ, పరాయి బిడ్డ అన్న తూకమే రాలేదు.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జార్జ్ ముల్లర్ దంపతులకు ఆ తూకం తప్పలేదు. 1836లో విల్సన్ వీధిలో తాముంటున్న ఇంట్లోనే అనాథ బాలికలకు గృహం తెరిచారు. అప్పటికి వాళ్ల కూతురు లిడియాకు మూడేళ్లు. 1870 నాటికి ఆష్లీ డౌన్ గుట్ట మీద ఐదు పెద్ద భవనాలు లేచాయి. 2,000 మందికి పైగా పిల్లలకు చోటు. పెద్దయ్యాక లిడియా కూడా ఆ గృహాల పనిలోనే ఉంది, తండ్రి తరువాత ఆ బాధ్యత తీసుకున్న మనిషినే పెళ్లాడింది. ఈ కథకు గోదావరితో చుట్టరికం కూడా ఉంది. ముల్లర్ భార్య మేరీకి అన్న ఆంథోనీ నారిస్ గ్రోవ్స్. బౌడెన్, బీర్ దంపతులను అదే 1836లో భారతదేశానికి వెంటబెట్టుకొచ్చింది ఆయనే. వాళ్లు నరసాపురం ప్రాంతంలో కాపురం పెట్టి, గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు.

"ఇద్దరం ఇంతసేపూ ఒక కూతురి గురించే మాట్లాడుకుంటున్నాం," అన్నారు మాస్టారు ఉన్నట్టుండి. "ఆ పన్నెండు మంది ఎవరి పిల్లలమ్మా?"

"అనాథలు మావయ్యా."

"అందరూనా? అడిగావా?"

ఆమె అడగలేదు. అడగవలసిన కారణం మాత్రం నర్సుగా ఆమెకు తెలుసు. ప్రపంచంలో బాలల గృహాల్లో ఉన్న పిల్లల్లో ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లో చెప్పింది. వాళ్లను ఇంటి నుంచి బయటికి నెట్టేది చాలాసార్లు పేదరికం, తల్లి జబ్బు, బడి దూరం.

మాస్టారికి ఇది చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. "మన ఊరి సంగతే చూడు. మన నక్కపల్లిలో మందుల ఫ్యాక్టరీల కోసం తలపెట్టిన బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు. అదే ఏడాది వర్షాలు తగ్గుముఖం పట్టే రోజులకు రాజయ్యపేట మత్స్యకారులు రోడ్డెక్కారు. వాళ్ల భయం ఒక్కటే, సముద్రం పాడైతే వేట పోతుందని. వేట పోతే ఏమవుతుంది? ముందు అప్పు. తరువాత వలస. ఆ తరువాత పిల్లల్ని ఏ హాస్టల్లోనో, ఏ హోములోనో వదలడం. అలా వదిలిన తల్లి బిడ్డను వద్దనుకున్నట్టా? ఆ తల్లికి నెలకు కాస్త ఆసరా దొరికితే బిడ్డ ఇంట్లోనే ఉండదా? మన ప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చేది అందుకే."

ఆయన మాటతో ఆమెకు వేరే దేశపు పరిశోధన ఒకటి గుర్తొచ్చింది. రొమేనియాలో 2000 తరువాత జరిగిన బుకారెస్ట్ పరిశోధనలో 6 నుంచి 31 నెలల వయసున్న 136 మంది పిల్లల్ని తీసుకున్నారు. సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు, మిగతావాళ్లు సంస్థల్లోనే కొనసాగారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు కోలుకున్నారు. రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు ఇంకా బాగా కోలుకున్నారు. సంస్థల్లో వాళ్లకు తిండీ బట్టా లేక కాదు. షిఫ్టు మారినప్పుడల్లా ఎత్తుకునే చేతులు మారిపోవడమే వాళ్లకు తగిలిన దెబ్బ.

"అయితే నేను చేయవలసింది అదే కదా," అందామె. "షిఫ్టు మారని అమ్మగా ఉండటం."

"మీ ఒప్పందం ఎన్నాళ్లు?"

"మూడేళ్లు."

"మూడేళ్ల తరువాత నీ కూతుర్ని ఆ గృహంలో వదిలి వచ్చేస్తావా?"

"అదేటి మాట మావయ్యా!"

"మరి ఆ పన్నెండు మందినీ?"

ఇద్దరి వాదనా ఇక్కడ మలుపు తిరిగింది. సేవ సొంత బిడ్డకు అడ్డమవుతుందని మాస్టారు అంటూ వచ్చారు. అలా కానక్కర్లేదని మేనకోడలు వాదిస్తూ వచ్చింది. నిజానికి ఆ కూతురే వాళ్లకు సరైన కొలబద్ద. తన పాపకు తాను ఒప్పుకోని దాన్ని, అంటే మూడేళ్లకోసారి మారే అమ్మను, అన్నాచెల్లెళ్లను వేర్వేరు గదుల్లో ఉంచడాన్ని, దాతల కోసం తీసే ఫోటోలను, బంధువులు బతికుండగా అనాథ అని రాయించుకోవడాన్ని, ఆ పన్నెండు మందికీ ఒప్పుకోకూడదు. అలాగే ఆ పన్నెండు మందికి ఉన్న హక్కు పాపకూ ఉండాలి. రాత్రి మూసుకునే ఒక తలుపు, వారంలో తనకోసమే ఒక పూట, చిన్నపిల్లల్ని చూసుకోమని ఎవరూ పని పురమాయించని బాల్యం.

చట్టాలు కూడా ఇటే నడుస్తున్నాయి. మన 2015 బాల న్యాయ చట్టం ప్రకారం ప్రతి గృహమూ నమోదు కావాలి. బిడ్డను తిరిగి కుటుంబానికి చేర్చడమే గృహం ముఖ్య లక్ష్యమని అది చెబుతుంది. కెన్యా 2017లో కొత్త గృహాల నమోదును ఆపింది. 2022లో కొత్త బాలల చట్టం తెచ్చి, పిల్లల్ని సంస్థల నుంచి కుటుంబాల వైపు మళ్లించడానికి 2032 దాకా పదేళ్ల ప్రణాళిక పెట్టుకుంది. ఈమె వెళ్లి చేరబోయేది ఇలా మారుతున్న దేశంలో.

"బైబిల్లో యాకోబు పత్రిక కూడా అనాథల్నీ విధవల్నీ ఒక్క ఊపిరిలోనే చెబుతుంది," అంది మేనకోడలు నెమ్మదిగా. "తల్లినొక చోట, బిడ్డనొక చోట ఉంచి సాయపడమని కాదు. వాళ్ల కష్టంలో వాళ్ల దగ్గరికి వెళ్లమని. మావయ్యా, ఆ గృహానికి నేను గృహమాతగా కాకుండా నర్సుగా వస్తానని రాస్తే? గృహంలోని పిల్లల ఇళ్లకు తిరిగి, ఏ తల్లికి మందులు కావాలో, ఏ అమ్మమ్మకు ఆసరా కావాలో చూసే పని. పిల్లలు ఇళ్లకు వెళ్లే దాకా, వెళ్లాక కూడా. మూడేళ్ల తరువాత నేను వచ్చేసినా ఎవరికీ అమ్మ పోయినట్టు ఉండదు. మా ఆయనకు ఎలక్ట్రికల్ పని వచ్చు, అక్కడి పెద్ద పిల్లలకు నేర్పుతాడు. సాయంత్రానికి ముగ్గురం మా ఇంట్లో ఉంటాం."

మాస్టారికి ఇది నచ్చింది గానీ పూర్తిగా కాదు. "బావుంది. కానీ ఇంటికి పంపడానికి నిజంగా ఎవరూ లేని పిల్లలు కొందరుంటారు. వాళ్లు ఈ రాత్రి ఎక్కడో ఒక చోట పడుకోవాలి. రెండు గంటలకు జ్వరంతో లేచే పిల్ల నీ ప్రణాళిక కోసం ఆగదు. అప్పుడు లేచేదెవరు? అందరూ నీలాగే పగటి పని ఎంచుకుంటే?"

"ఆ ఊరి మనిషే లేవాలి మావయ్యా. ఆ పిల్లల భాష వచ్చిన మనిషి, మూడేళ్లకు విమానం ఎక్కని మనిషి. ముందు పెంపుడు కుటుంబం దొరుకుతుందేమో చూడాలి. దొరికే దాకా గృహంలో ఉండే ఆయమ్మకు మంచి జీతం ఉండాలి, సెలవు ఉండాలి. నా ప్రయాణానికీ పాప బడికీ అయ్యే ఖర్చుతో అలాంటి ఇద్దర్ని పెట్టుకోవచ్చని వాళ్లు లెక్క చూపిస్తే, అసలు వెళ్లకుండా ఆ డబ్బే పంపుతాం."

ఆమె ఫోనులో ఉత్తరం మొదలుపెట్టింది. గృహంలో ఎంతమందికి తల్లిదండ్రులున్నారు? పోయిన ఏడాది ఎంతమంది ఇళ్లకు చేరారు? అన్నాచెల్లెళ్లు కలిసే ఉంటున్నారా? పని చేసేవాళ్లు ఎన్నేళ్లుగా ఉంటున్నారు?

"ఇంకొకటి రాయి," అన్నారు మాస్టారు. "రాత్రి పిల్లల దగ్గర పడుకునే ఆ ఆయమ్మకూ పిల్లలుంటారు కదా. ఆ రాత్రి వాళ్ల దగ్గర ఎవరుంటారో అడుగు."

ఆమె దాన్ని మొదటి ప్రశ్నగా పైకి జరిపింది.