మేపలేని గుర్రము

సూరత్ నగరములో ఘోడ్‌దోడ్ రోడ్డు అను పేరుగల వీధి యొకటి కలదు. గుర్రపు పందెముల బాట అని ఆ పేరునకు అర్థము. నేడు ఆ దారిని పరుగెత్తునవి మోటారు వాహనములే. అయినను గుజరాతులో గుర్రమునకు ఇంకను ఒక పని మిగిలియున్నది. పెండ్లి ఊరేగింపులో వరుడు దానినెక్కి వచ్చును. ఆషాఢ ఏకాదశి మొదలు కార్తిక ఏకాదశి వరకు హిందువుల ఇండ్లలో వివాహములు సాధారణముగా జరుగవు. ఆ నాలుగు నెలలు గుర్రమునకు పని యుండదు గాని ఆకలి యుండును.

తెలంగాణ జిల్లాలనుండి వెళ్లి సూరత్‌లోని లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడిన మన తెలుగు నేతపనివారు అనేకులున్నారు. అట్టి మరమగ్గపు కార్మికు నొకని ఊహించుకొందము. పెండ్లి గుర్రములను నడుపు పొరుగువాడు ఇతనికి బాకీ పడెను. తీర్చు దారిలేక, "భాయీ, దీనితో చెల్లు" అని ఒక ముసలి గుర్రమును వాకిట కట్టి స్వగ్రామమునకు వెళ్లిపోయెను. అంతటితో బాకీ తీరినది, భారము మొదలైనది.

300 కిలోల గుర్రమునకు దినమునకు సుమారు 6 కిలోల ఎండుమేత కావలెను. నీరు 20 లీటర్ల వరకు, వేసవిలో అంతకు మించియు కావలెను. ఆరు, ఎనిమిది వారముల కొకసారి గిట్టలు చెక్కింపవలెను. మంచి పోషణ యున్నచో అది 25 ఏండ్లు, అంతకు పైగాను బ్రదుకును. గుర్రము గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలు ఊరకనే అనలేదు. ఇప్పుడు అతడేమి చేయవలెను?

రాత్రివేళ ఊరి వెలుపల విప్పివేయుట మొదటి దారి. దానికి స్వేచ్ఛ యిచ్చితినని అతడు తన్ను తాను ఓదార్చుకొనవచ్చును. కాని రహదారిపై ఆకలితో తిరుగుట స్వేచ్ఛ కాదు. ఆకలిదప్పులతో బాధపడు స్థితిలో జంతువును కారణము లేక విడిచివేయుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ప్రకారము నేరము. సామెతలు 12:10 లోని రెండవ భాగము హెచ్చరించునది ఇట్టి కనికరమును గూర్చియే గదా! అది చూపునకు దయ, ఫలములో హింస.

దాని కుంటితనమును దాచి బరువులు లాగించువానికి అమ్ముట రెండవ దారి. ఇందులో మోసము, క్రూరత్వము రెండును కలవు. చంపించుట మూడవది. మానని బాధలో నున్న జంతువునకు పశువైద్యుడు నెమ్మదిగా అంత్యము కలిగించుట వేరు. మేత ఖర్చు తప్పించుకొనుటకు చంపుట వేరు.

బిడ్డల అన్నము తగ్గించి గుర్రమును మేపుట నాల్గవ దారి. ఇదియు ధర్మము కాదు. నిర్గమకాండము 23:5లో పగవాని గాడిద బరువు క్రింద పడియుండుట చూచినవాడు తప్పించుకొని పోరాదు, దానిని లేపుటకు సహాయపడవలెను. ఆ గాడిద అతనిది కాదు, అయినను కంటబడినందున బాధ్యత కలిగెను. అయితే దానిని జీవితాంతము పోషింపుమని అక్కడ ఆజ్ఞ లేదు. బాధ్యత నిజమైనదే, దానికి హద్దును కలదు.

ఇక మిగిలినది అప్పగించుట. ఇంగ్లీషు కంపెనీ చాప్లెను జాన్ ఓవింగ్టన్, 1696లో అచ్చయిన తన సూరత్ ప్రయాణ గ్రంథములో, నగరమునకు మైలు దూరమున బనియాలు నడుపుచున్న జంతుశాలను వర్ణించెను. రోగముచేతను వార్ధక్యముచేతను పనికిరాని ఆవులు, గుర్రములు, మేకలు, కుక్కలు అచ్చట పోషింపబడుచుండెను. చంపనున్న యజమానికి హెచ్చు వెలయిచ్చియైనను వారు పశువును విడిపించెడివారట. పాంజరాపోలు అను పేర అట్టి శాలలు గుజరాతులో నేటికిని కలవు.

విడిచిపెట్టువాడు తన భారమును జంతువుపై మోపును. అప్పగించువాడు దానిని మోయగల భుజమునకు మార్చును. ఈ రెంటికిని గల భేదమే మన ప్రశ్నకు జవాబు. పేదవాని అశక్తత పాపము కాదు. అయితే అతడు గుర్రపు వయస్సును, జబ్బును దాచక చెప్పవలెను. కొలదియో గొప్పయో మేతకు తన వంతు ఇయ్యవలెను. అప్పగించు దినము వరకు పస్తుంచరాదు.

కనికరమునకును లెక్క కావలెను. 1824లో లండనులో జంతు సంరక్షణ సంఘమును స్థాపించిన ఆర్థర్ బ్రూమ్ అను పాదిరి, ఆ సంఘపు అప్పులకు తానే చెరసాల పాలయ్యెను. ఆయన దయ నిందింపదగినది కాదు. భారమును ఒక్కనిపై వదలిన తక్కినవారి మాటయేమి? 2015లో బొంబాయి హైకోర్టు ముంబయిలోని విక్టోరియా బండ్లు చట్టవిరుద్ధమని తీర్పిచ్చినప్పుడు, బండ్లవారి జీవనముతోపాటు గుర్రముల పోషణయు ప్రశ్నగా నిలిచెను. మేలైన తీర్పునకును మేత కావలసియుండెను.

ప్రియ చదువరీ, గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కింపవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము (లూకా 14:28) ప్రాణమును చేపట్టువానికి మరి యెక్కువగా వర్తించును. ఉచితముగా వచ్చిన ప్రాణి ఉచితముగా బ్రదుకదు. ఇప్పటికే వాకిట నిలిచియున్న ప్రాణి విషయములోనైతే, సిగ్గు విడిచి సహాయమడుగుటయే మొదటి ధర్మము. ఆ కార్మికుడు మన సంఘమునకు వచ్చి అడిగినయెడల, "నీకు గుర్రమెందుకు?" అని నవ్వుదుమా, లేక ఒక వారపు మేతయైనను మన వంతుగా ఇచ్చెదమా?